వేటకెళ్లేవాడికి ఏం చెప్పాలి?

మా మేనకోడలు నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో ఉద్యోగంలో చేరి అప్పటికి మూడు నెలలు. ఒక శనివారం పొద్దున్నే పక్కింటాయన గేలపుకర్ర భుజాన వేసుకుని సముద్రపు పాయ వైపు బయల్దేరుతూ మెట్ల మీద ఎదురయ్యాడు. ఆ పిల్లకి నార్వేజియన్‌లో వచ్చిన మాటలు అన్నీ కలిపి నలభయ్యో యాభయ్యో. వాటిలోంచి సందర్భానికి తగిందనుకున్న మాట ఏరి, 'లిక్కె తిల్' అంది. అదృష్టం కలగాలి అని అర్థం. ఆయన ముఖం అదోలా పెట్టి, కర్ర కిందికి దించి, నవ్వుతూనే తప్పు దిద్దాడు. చేపలకు వెళ్లేవాడితో అలా అనకూడదట. 'స్కిత్ ఫిస్కె' అనాలట. 'ఫిస్కె' చేపలవేట, 'స్కిత్' చెత్త. అంటే, నీ వేట చెత్తగా సాగాలి అని దీవెన!

ఆ రాత్రి ఫోన్‌లో ఈ సంగతి చెప్పి పడీపడీ నవ్వింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి అందరం నవ్వాం, మా అమ్మ తప్ప. "బయల్దేరేవోడికి ఎదురెళ్లి అదృష్టం గిదృష్టం అంటారేటే ఎవరన్నా? ఆయన సరిగ్గానే చెప్పేడు" అంది.

మా అమ్మ పుట్టిందీ పెరిగిందీ ఉప్పాడ. చేనేత ఇల్లు, నాలుగు వీధులవతల మత్స్యకారుల పల్లె. అక్కడ సముద్రంలోకి వెళ్లడాన్ని 'వేటకెళ్లడం' అంటారు. తెల్లారగట్ల వల భుజానేసుకుని ఒడ్డుకు నడిచే మనిషిని 'ఎక్కడికి?' అని ఎవరూ అడగరు. అడిగితే అపశకునం. మరీ తెలుసుకోవాలనుంటే 'ఎందాకా?' అంటారు, 'దూరవా?' అంటారు. వెళ్లేవాడు కూడా 'వెళ్తాను' అనడు, 'వెళ్లొస్తాను' అంటాడు. వెళ్లడం ఒక్కటే చెప్పి రావడం చెప్పకపోతే మాట నిజమైపోతుందని భయం. నార్వేవాడు మంచి కోరితే ఎవరి కన్నో పడుతుందని భయపడి చెడు కోరుతున్నట్టు నటిస్తాడు. అడవిలో వేటకెళ్లేవాడికి కూడా వాళ్ల దగ్గర ఇలాంటి దీవెనే ఉంది, 'స్కిత్ యాక్త్' అని. మనకు అడవి వేటా చేపల వేటా ఒక్క మాటలోనే ఇమిడిపోయాయి గనక రెండు దీవెనల అవసరం లేకపోయింది.

ఎక్కడి ట్రోండ్‌హైమ్, ఎక్కడి ఉప్పాడ! ఆర్కిటిక్ వలయానికి సుమారు మూడు వందల యాభై కిలోమీటర్ల దిగువన అదీ, గోదావరి డెల్టా ఉత్తరపు కొసన ఇదీ. భాషా కుటుంబాలు వేరు, అన్నం వేరు, చలి వేరు. అయినా సముద్రం ముందు నిలబడ్డ మనిషి నోటి నుంచి వచ్చే మాటకు రెండుచోట్లా ఒకటే పని. ఆ మాట సమాచారం చెప్పదు. దాని నిఘంటువు అర్థం పట్టుకుంటే బోర్లా పడతాం. కొత్త భాష నేర్చేవాళ్లకు అన్నింటికంటే తేలిగ్గా కనిపించి, అన్నింటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ఇలాంటి మాటలే. తెలుగులో వీటికి చక్కటి పేర్లున్నాయి: పిచ్చాపాటీ, లోకాభిరామాయణం.

వీటిని శాస్త్రం పట్టించుకోవడం మొదలైంది కూడా చేపలు పట్టేవాళ్ల మధ్యనే. బ్రోనిస్లావ్ మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రజ్ఞుడు మొదటి ప్రపంచ యుద్ధకాలంలో న్యూగినీ పక్కనున్న ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండిపోయాడు. అక్కడి వాళ్లు పడవల్లో మడుగు చుట్టి వలలు వేస్తూ ఒకరితో ఒకరు అనుకునే మాటలను రాసుకున్నాడు. రాసుకున్నవి అనువదించబోతే ముక్క అర్థం కాలేదు. పడవలో ఉండి, ఆ పని చేస్తూ వింటే తప్ప ఆ మాటలకు అర్థం లేదు. 1923లో అచ్చయిన వ్యాసంలో ఆయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఏ పనీ లేనప్పుడు జనం ఊరికే ఆడుకునే మాటలకూ ఒక పని ఉందన్నాడు. 'ఎక్కణ్ణుంచి రాక?' అని ట్రోబ్రియాండ్ వాడు అడిగినా, 'ఇవాళ వాతావరణం బాగుంది' అని ఇంగ్లీషువాడు అన్నా తెలుసుకోవాలని కాదు. ఇద్దరు మనుషులు ఎదురుపడి మౌనంగా ఉంటే పుట్టే బిగువును సడలించడానికి. పాతకాలపు ఉత్తరాల్లో మనవాళ్లు రాసిన 'ఉభయకుశలోపరి' ఇదే. కుశలం సంగతి నిజంగా ఎవరికి కావాలి? ఆ మాట లేకపోతే మాత్రం ఉత్తరం ఉత్తరంలా ఉండదు.

నార్వేలో ఉభయకుశలోపరి శుక్రవారం మధ్యాహ్నం వినపడుతుంది. ఆఫీసుల్లో కాఫీ మిషన్ దగ్గర నిలబడి ఒకరినొకరు అడుగుతారు: 'వా స్కా దూ ఈ హెల్గా?' ఈ వారాంతానికి ఏంటి సంగతి, అని. కొందరికి శుక్రవారం దాకా ఆగే ఓపిక కూడా ఉండదు. బుధవారానికి ముద్దుగా 'చిన్న శనివారం' అని పేరు పెట్టుకున్నారు మరి. ఇంటికి పోయేటప్పుడు 'గూ హెల్గ్' అంటారు, శుభ వారాంతం. దానికి జవాబు 'తక్, ఈ లీకె మోతె', థాంక్స్, మీకూ అలాగే. సోమవారం మళ్లీ 'ఎలా గడిచింది?' ఇదంతా ఏడాదికి యాభై రెండుసార్లు.

పాఠ్యపుస్తకంలో ఇది ఒక పేజీ పాఠం. మరి మూడు నెలలైనా మా పిల్ల కాఫీ మిషన్ దగ్గర ఎందుకు తడబడింది? తెలివి చాలక కాదు, టైము చాలక.

నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2009లో ప్రపంచం నలుమూలల నుంచి పది భాషలు తీసుకుని సంభాషణలను వీడియోలో కొలిచారు. ఒకరి ప్రశ్న ముగియడానికీ రెండోవారి జవాబు మొదలవడానికీ మధ్య ఖాళీ ఎంత? సగటున సెకనులో అయిదో వంతు. జపనీయులు దాదాపు ఖాళీ లేకుండానే అందుకుంటారు. ఆ పదింటిలో అందరికంటే నిదానం నార్వేజియన్‌కు అక్క వరసైన డేనిష్ వాళ్లు, వాళ్లకూ అర సెకనుకు మించదు. ఇప్పుడు ఇంకో కొలత చూడండి. ఒక బొమ్మ చూపించి పేరు చెప్పమంటే, మాతృభాషలోనే, నోరు తెరవడానికి సుమారు 600 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక్క మాటకే అంత! అయిదో వంతు సెకనులో జవాబు రావాలంటే ఎదుటివాడి ప్రశ్న సగంలో ఉండగానే మన జవాబు తయారవుతూ ఉండాలి. మనందరం రోజూ చేస్తున్న పనే ఇది. కొత్త భాషలో మాత్రం కర్త, కర్మ, క్రియ వెతుక్కుని, విభక్తి సరిచూసుకుని, నోరు తెరిచేసరికి ఎదుటివాడు కాఫీ పట్టుకుని వెళ్లిపోయి ఉంటాడు. లేదా జాలిపడి ఇంగ్లీషులోకి దిగుతాడు. నార్వేలో దాదాపు అందరికీ ఇంగ్లీషు వచ్చు, నేర్చుకునేవాళ్లకు అదొక శాపం.

అందుకని పిచ్చాపాటీలో వాక్యాలను అప్పటికప్పుడు ఎవరూ అల్లరు. అల్లి పెట్టుకున్న ముక్కలు తీసి వాడతారు.

ఇది నాకు పుస్తకాల్లో కన్నా ముందు మా పెదనాన్న దగ్గర తెలిసింది. ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట పడిపోయాయి. మంచినీళ్లు కావాలంటే 'నీళ్లు' అనే మాట దొరికేది కాదు. గ్లాసు చూపించి, పెదాలు కదిపి, చెమటలు పట్టి, విసుగొచ్చి ముఖం తిప్పుకునేవారు. కానీ గుమ్మంలో ఎవరైనా కనపడితే చాలు, గొంతు స్పష్టంగా పలికేది: "ఆయ్! రండి, కూకోండి." వచ్చినవాళ్లు మాట తిరిగొచ్చేసిందనుకుని సంబరపడి ఏదో అడిగేవారు. మళ్లీ మౌనం.

పందొమ్మిదో శతాబ్దంలోనే లండన్ వైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్ ఇలాంటి రోగులను గమనించి, మనిషి మాట రెండు రకాలని తేల్చాడు. ఒకటి ఆలోచించి కూర్చేది. రెండోది పలకరింపులు, తిట్లు, దేవుడి పేర్లు, లెక్కపెట్టడం లాంటి అలవాటు మాట. ఎడమ మెదడు దెబ్బతింటే మొదటిది పోతుంది, రెండోది చాలాసార్లు మిగులుతుంది. తర్వాత డయానా వాన్ లాంకర్ సిడ్టిస్ వంటివారి పరిశోధనల్లో అలవాటు మాటలకు కుడి మెదడుతోనూ, మెదడు లోపలి అడుగున బేసల్ గాంగ్లియా అనే ముడులతోనూ సంబంధం కనిపించింది. నడక, ఈత, సైకిలు తొక్కడం వంటి ఒంటి అలవాట్లతో వ్యవహారం ఉండే చోటు కూడా ఆ ముడులే. అంటే 'రండి, కూకోండి' అనేది మా పెదనాన్నకు వాక్యం కాదు, ఒక కదలిక. మగ్గం మీద నాడె విసిరినట్టు.

మగ్గం సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. ఉప్పాడ జాంధానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని కిటుకు ఇది: నేల బట్ట పడుగూ పేకలతో మామూలుగానే సాగిపోతుంది, నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు తిరుగుతూ ఉంటుంది. బుటా వచ్చే చోట మాత్రం నాడె ఆపి, విడిగా చిన్న కండెకు చుట్టిన దారాన్ని, ఆ బుటా మేరకే, చేత్తో పడుగులోకి ఎక్కిస్తారు. ఒక్కో బుటాకు ఒక్కో కండె. ఆ దారం బట్ట అడ్డం పొడుగునా పోదు, తన పువ్వు మేర తిరిగి ఆగిపోతుంది. అందుకే చీర వెనక వేలాడే దారాలుండవు, అటు చూసినా ఇటు చూసినా ఒకేలా ఉంటుంది. భాష కూడా అంతే నేస్తుంది. వ్యాకరణం నేల బట్ట. 'ఉభయకుశలోపరి', 'గూ హెల్గ్' బుటాలు, వాటి దారం విడిగా వస్తుంది. నేల నేయడం పూర్తిగా రాకుండానే బుటా పెట్టడం నేర్చుకోవచ్చు. మా ఇళ్లలో పిల్లలు ఆ వరసలోనే నేర్చారు.

కాబట్టి మా పిల్లకు నేనిచ్చిన సలహా ఒక్కటే. వారానికి అయిదు ముక్కలు చాలు, కానీ ఒక్కో ముక్కనూ జంటగా నేర్చుకో, పలకరింపూ దాని జవాబూ కలిపి. చదవొద్దు, అప్పజెప్పు. ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చినదాన్ని మొదటి గంటల్లోనే ఎక్కువగా మరిచిపోతామనీ, ఎడమిచ్చి నెమరేస్తే నిలుస్తుందనీ చూపించాడు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె చేసిన ప్రయోగంలో మళ్లీ మళ్లీ చదివిన విద్యార్థులు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో గెలిచారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం పుస్తకం మూసి గుర్తుచేసుకోవడానికి కష్టపడినవాళ్లు గెలిచారు. ఎక్కాలు అప్పజెప్పించిన మా పంతులుగారికి ఈ సంగతి ఏ ప్రయోగం లేకుండానే తెలుసు, ఆయన బెత్తాన్ని మాత్రం సమర్థించను.

ఇక నోటి సంగతి. ఇక్కడ తెలుగువాడికి కలిసొచ్చేవి చాలానే ఉన్నాయి. నార్వేజియన్‌లో 'తాక్' అంటే ఇంటికప్పు, 'తక్క్' అంటే థాంక్స్. ద్విత్వం పలకలేని ఇంగ్లీషువాడు ఇక్కడ చెమటోడ్చాలి. 'కల'కూ 'కల్ల'కూ తేడా ఉగ్గుపాలతో నేర్చిన మనకు అది లెక్కలోది కాదు. రెండోది, ఓస్లో వైపూ ఉత్తరాన కూడా 'ర' పక్కన 'త, ద, న' వస్తే రెండూ కలిసిపోయి నాలుక మడతపడి 'ట, డ, ణ' అవుతాయి. పిల్లవాణ్ణి రాతలో 'బార్న్' అంటారు, నోట్లో అది 'బాణ్'. 'తప్పకుండా, సంతోషంగా' అనే మాట రాతలో 'యార్నె', నోట్లో 'యాణె'. ఐరోపా భాషల్లో ఈ మూర్ధన్యాలు అరుదు. మనకు అవి ఓనమాల్లోనే వచ్చాయి.

అన్నింటికంటే నాకు ముచ్చట వేసింది సంధి. 'ర' తర్వాత 'స' వస్తే 'ష' అవుతుంది, అదీ రెండు మాటల మధ్య కూడా. ఇంతకుముందు ఎప్పుడో కలిసినవాళ్లు మళ్లీ కనిపిస్తే 'తక్ ఫోర్ సిస్త్' అంటారు, పోయినసారికి థాంక్స్ అని. పలుకుబడిలో అది 'తక్ ఫొషిస్త్'. ఆ భాష పేరే రాతలో 'నోర్స్క్', నోట్లో 'నొష్క్'. ఇలాంటి మార్పులకు ప్రపంచంలోని భాషాశాస్త్రజ్ఞులంతా వాడే పేరు కూడా మన వ్యాకరణాల్లోని 'సంధి'యే. సవర్ణదీర్ఘం బట్టీ కొట్టినవాడు ఇక్కడ కాలరెత్తుకోవచ్చు.

కష్టం లేదని కాదు. ఇంగ్లీషు అలవాటులో మనవాళ్లు ప్రతి 'త'నూ 'ట' చేసేస్తారు. నార్వేజియన్‌లో మామూలు 'త, ద' మన దంత్యాలకు దగ్గర. కాబట్టి 'టక్' కాదు, 'తక్'. 'ఈ' అంటూ నాలుక కదల్చకుండా పెదాలు సున్నా చుడితే వచ్చే అచ్చు ఒకటుంది, మన లిపిలో దానికి గుర్తే లేదు. ఇక స్వరం. రైతులకూ చిక్కుడు గింజలకూ ఒకటే ఉచ్చారణ, 'బొన్నెర్'. గొంతు ఎక్కడ దిగి ఎక్కడ లేస్తుందన్న దాన్ని బట్టే తేడా. చిక్కుడు గింజలకూ ప్రార్థనలకూ ఆ తేడా కూడా లేదు! తెలుగులో పాట మారితే మాట అర్థం మారదు, మనసులో భావం మారుతుంది. అందుకే ముక్కను రాగంతో సహా పట్టుకోవాలి, అక్షరాల్లో కాదు.

'హెల్గ్' అనే మాట దగ్గర కొంచెం ఆగుదాం. మన 'వారాంతం' ఇంగ్లీషు మాటకు అనువాదం, పత్రికల్లో తప్ప ఎవరి నోటా సహజంగా పలకదు. జనం వీకెండ్ అనే అంటారు. 'హెల్గ్' అలా కాదు. పాత నోర్స్ భాషలో పవిత్రం అనే మాటకు చుట్టం అది, పండగ అని దాని పాత అర్థం. అందులో శనివారం పేరు ఇంకా బాగుంటుంది. 'లోర్‌దాగ్' అని రాస్తారు, పాత రూపం 'లౌగర్‌దాగర్', అంటే స్నానాల రోజు. వైకింగులు వారానికోసారి తలంటుకునే రోజన్నమాట. మా ఇంట్లో మగవాళ్లకు శనివారం, ఆడవాళ్లకు శుక్రవారం కుంకుడుకాయ పులుసు కళ్లలో పడేది.

తలంట్లు కలిశాయి గానీ సెలవులు కలవలేదు. మన దేశంలో ఆదివారం సెలవు చెమటోడ్చి సంపాదించింది. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో బొంబాయి మిల్లు కార్మికులు పోరాడితే 1890లో వచ్చింది. ఉప్పాడలో సముద్రానికి ఆదివారం తెలియదు. పల్లెలో సెలవంటే తుపాను హెచ్చరిక, లేదా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలంలో సర్కారు పెట్టే 61 రోజుల వేట నిషేధం. అలలు విరుచుకుపడి కాకినాడ బీచ్‌రోడ్డు కోసుకుపోయిన రోజులూ సెలవుల్లాంటివే, ఎవరూ కోరుకోనివి. నార్వేవాడు శనివారం సరదాకి చేసే పని ఇక్కడ సోమవారం పొద్దున చేసే పని.

మన ఊళ్లలో ఆదివారం పిచ్చాపాటీ వేరే తీరు. 'ఇవాళేంటి స్పెషల్?' అంటే ప్రోగ్రాం గురించి కాదు, పొయ్యి మీద కోడా మాంసమా చేపా అని. జవాబు కూడా కూర పేరే. నార్వేలో కూర గొడవ లేదు, శుక్రవారం సాయంత్రం ఇళ్లలో మెక్సికో నుంచి అమెరికా మీదుగా వచ్చిన టాకో తింటారు, అది మామూలైపోయి ప్రత్యేకంగా చెప్పుకునేది కాదు. చెప్పుకునేవి రెండే. 'హిత్తా', అంటే కొండల్లోనో సముద్రపు ఒడ్డునో ఉండే చిన్న కొయ్య ఇల్లు; 55 లక్షల జనాభాకు అలాంటివి 4 లక్షలకు పైగా ఉన్నాయి. రెండోది 'తూర్'. ఈ మాట మనవాళ్లను బాగా మోసం చేస్తుంది. టూరు అంటే మనకు బస్సు, పులిహోర పొట్లం, తిరుపతి. వాళ్ల 'తూర్' అంటే ఇంటి వెనక అడవిలోకి నడిచి, థర్మాస్‌లో కాఫీ తాగి తిరిగి రావడం. ఎవరి అడవి అని అడగక్కర్లేదు. సాగులో లేని భూమి మీద ఎవరైనా నడవొచ్చని 1957 నాటి చట్టం ఉంది. 'ఆదివారం తూర్‌కి వెళ్లాను' అని పొరుగావిడ చెబితే, 'ఏ ఊరు?' అని మా పిల్ల అడిగిందట.

'వా స్కా దూ ఈ హెల్గా' ముక్కలో ఇంకో తమాషా ఉంది. విడగొడితే 'ఏమి - బోతున్నావు నువ్వు - వారాంతంలో' లాంటి అరకొర వ్యవహారం. 'చేయడం' అనే క్రియ గాయబ్. 'యై స్కా పో హిత్తా' అనేదీ అంతే, వెళ్లడం అనే మాట లేదు, హిత్తాకి అన్నంతవరకే. ఇంగ్లీషు మీదుగా నార్వేజియన్ నేర్చేవాడికి ఇక్కడ ఏదో లోపం కనిపిస్తుంది. నేరుగా తెలుగులోంచి చూస్తే? 'ఎక్కడికి?' 'మార్కెట్‌కి.' 'ఊరికా?' 'ఊరికే.' ఒక్క క్రియ లేకుండా రోజంతా గడిపేస్తాం. 'కి' చాలు, దిక్కు తెలిసిపోతుంది. అలాగే మాటమాటకూ వాళ్లు అనే 'ఇక్కె సాంత్' అంటే అక్షరాలా 'నిజం కాదా'. మన 'కదా' కూడా 'కాదా' అరిగిన రూపమే. తెలుగుపిల్లలకు ఇంగ్లీషు మెట్టెక్కి నార్వేజియన్ నేర్పడం కాకినాడ వెళ్లడానికి విశాఖ మీదుగా టికెట్ కొనడం లాంటిదని నా అభిప్రాయం.

జవాబు తీరులో మాత్రం జాగ్రత్త పడాలి. ఏంటి ప్లాను అంటే మనం 'చూడాలండి', 'ఏముందీ, చూద్దాం' అంటాం. మర్యాద అది, దేన్నీ ముందే ఖాయం చేసి చెప్పం, చెబితే వెళ్లొస్తాను లాంటి భయమే అడ్డొస్తుంది. అక్కడ ఆ జవాబు వింటే, ఈవిడకి చెప్పడం ఇష్టం లేదనుకుని తప్పుకుంటారు. 'ఇంగెంతింగ్ స్పెసియెల్త్', ప్రత్యేకం ఏమీ లేదు, అన్నా పర్లేదు. 'తా దె మె రూ', తీరిగ్గా ఉంటాను, అన్నా గౌరవమే. పని పెట్టుకోకుండా ఉండడాన్ని వాళ్లు పనిగా లెక్కేస్తారు, ఈ విషయంలో మనకన్నా తెలివైనవాళ్లు.

ఇంతకీ ఏ నార్వేజియన్ నేర్చుకోవాలి? ట్రోండ్‌హైమ్‌లో 'వా' అనరు, 'కా' అంటారు. ఇంకొన్ని చోట్ల 'క్వా'. కొందరు 'హెల్గా', కొందరు 'హెల్గెన్'. రాతలో రెండు అధికార రూపాలు, బూక్‌మోల్, నీనొష్క్. నోటికి మాత్రం అధికార రూపమంటూ లేదు. మంత్రి అయినా టీవీలో తన ఊరి యాసలోనే మాట్లాడతాడు. దీని వెనక ఇవార్ ఓసెన్ ఉన్నాడు. రైతు బిడ్డ. డేనిష్ పాలన వదిలివెళ్లిన రాతభాష రాజ్యమేలుతున్న రోజుల్లో ఊరూరా తిరిగి జనం మాట సేకరించి 1848లో వ్యాకరణం, 1850లో నిఘంటువు వేశాడు. అలా పుట్టిన రాతకు 1885లో పార్లమెంటు సమాన హోదా ఇచ్చింది. మనకు గిడుగు రామమూర్తి ఉన్నాడు, 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టినవాడు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. దానికి ముందు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, సవరవాళ్లను ఇంట్లో ఉంచుకుని, వాళ్ల మాట విని విని సవర భాష నేర్చుకున్నాడు. పుస్తకం లేదు, లిపి లేదు, చెవి ఒక్కటే. 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథం వెలువరించాడు. ఎవరి ఊరివాళ్ల మధ్య బతకబోతే ఆ ఊరి మాటే నేర్చుకోవాలని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద సాక్షి ఎవరు? మా పిల్ల 'కా స్కా దూ' అనడం మొదలుపెట్టాక ఆఫీసులో ఇంగ్లీషు జాలి తగ్గిందట.

గిడుగు జయంతిని నార్వే తెలుగువాళ్లు కూడా చేసుకుంటారు. అక్కడ వాళ్లు పెట్టుకున్న తెలుగు వేదిక పేరు 'వీధి అరుగు'. ఎవరు పెట్టారో గానీ గురి చూసి పెట్టారు. మలినోవ్‌స్కీ వ్యాసం మొత్తం ఆ రెండు మాటల్లో ఉంది.

చివరికొకటి మిగిలింది, పుస్తకాల్లో సాధారణంగా ఉండనిది. ఉద్యోగంలో చేరిన మొదటివారం పక్క సీటాయన ఏదో చెప్పినప్పుడు మా పిల్ల తలూపింది, తర్వాత తనేదో అడిగితే ఆయన ఉలిక్కిపడ్డట్టు గభాల్న ఊపిరి లోపలికి పీల్చాడు. ఏదో తప్పు మాట అన్నానేమోనని హడలిపోయింది. రెండోసారీ అంతే. ఆస్తమా ఏమో అనుకుంది. తీరా చూస్తే అది 'యా', అంటే అవును. స్కాండినేవియాలో, అందులోనూ ఉత్తరాదిన, ఈ మాటను ఊపిరి వదులుతూ కాక పీలుస్తూ అంటారు. మనిషి మాటలన్నీ దాదాపు బయటికి పోయే గాలి మీదే నడుస్తాయి. లోపలికి వచ్చే గాలి మీద మామూలు మాటను నడిపించడం అరుదు. దాని పని సమాధానం చెప్పడం కూడా కాదు. వింటున్నాను, చెప్పండి, నేనూ మీతోనే ఉన్నాను అని. 'హమ్మయ్య, ఇంతేనా' అంది మా పిల్ల నాతో, "మావయ్యా, ఇది మన ఆయ్ లాంటిదే." తూర్పుగోదావరి 'ఆయ్' విన్నవాళ్లకు వేరే వివరం అక్కర్లేదు. విననివాళ్లకు ఎంత వివరించినా చాలదు. అది అవునూ, చిత్తమూ, సరేలెండీ, చెప్పండీ. మాట్లాడేవాడి వాక్యం మధ్యలో పడుతూ ఉంటుంది, వాడి మాటకు అడ్డు రాదు.

మొన్న డిసెంబరులో ఒక శుక్రవారం. ఇక్కడ రాత్రి ఎనిమిది, అక్కడ మూడున్నర, బయట అప్పటికే చీకటి. మా పిల్ల వీడియో కాల్‌లో అమ్మమ్మతో మాట్లాడుతూ ఆఫీసులోంచి బయటికి నడుస్తోంది. ఆ పక్క సీటాయన ఉన్నిటోపీ పెట్టుకుని ఎదురొచ్చి, ఫోన్‌లో ముసలామెను చూసి, వంగి, చెయ్యి ఊపి, "గూ హెల్గ్!" అన్నాడు.

మా అమ్మ పైట సర్దుకుంది. అయిదో వంతు సెకను కూడా పట్టలేదు.

"ఆయ్!" అంది.

ఆయన ఊపిరి లోపలికి పీల్చాడు.

"బోయినం చేసేడేమో అడగవే" అంది మా అమ్మ.